బజారు సరుకు

"మా వించ్‌లు బజారు సరుకు. రేటు తలుపు మీద రాసుంది. కావలిస్తే కొనండి, లేకపోతే మానేయండి."

నౌకాదళం కొనుగోలు ఆఫీసు రాసిన బారెడు ఉత్తరానికి లిడియా ఫుర్టాడో పంపిన బెత్తెడు జవాబు అది. దాని మీద మళ్ళీ ఉత్తరం రాలేదు. మనిషే వచ్చాడు.

మార్చి నెల. న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో గాలి చెవులు కోస్తోంది. వచ్చినవాడి పేరు నార్మన్ ట్విచెల్. నలభై దాటినవాడు, ఉన్ని టోపీ కనుబొమల దాకా లాక్కుని, తోలుసంచీ చంకలో ఇరికించుకుని, పొద్దున్నే ఫిలడెల్ఫియా నుంచి కారు తోలుకొచ్చాడు. తలుపు మీద తెల్ల పెయింటుతో రాసిన రేటు ముందు ఆగి, దాన్ని ఒకసారి చదివి, ఏదో తప్పు పట్టుకోవాలన్నట్టు ఇంకోసారి చదివి, లోపలికొచ్చాడు.

లోపల బట్టీ హోరెత్తుతోంది. సముద్రం అడుగున స్కాలప్ ఆల్చిప్పల్ని గోకి తెచ్చే ఇనుప వలని పైకి లాగే వించ్‌లు అక్కడ పుడతాయి. అజోర్స్ దీవుల నుంచి ఓడెక్కి వచ్చిన లిడియా తాత పెట్టిన షాపు. ఇప్పుడు లిడియా నడుపుతోంది. పోత పోసేది ఆమె చిన్నాన్న జెఫరీనో. ఇంకో ఏడుగురు పనివాళ్ళు. ఈ రేవులో ఏ పడవెక్కినా వించ్ పక్కన ఫుర్టాడో అన్న అక్షరాలు చేతికి తగులుతాయి. కానీ పడవలు ఏడాదిలో సముద్రం మీద ఉండే రోజుల్ని సర్కారు తగ్గించుకుంటూ వస్తోంది. తిరగని పడవకి కొత్త వించ్ ఎవడు కొంటాడు? నౌకాదళం తన శిక్షణ పడవలకి అడిగిన నలభై వించ్‌లు చేతికొస్తే బట్టీ వెలుగుతుంది. రాకపోతే ఎండాకాలం రాకముందే ఆర్పాలి. ఆ సంగతి పనివాళ్ళకి తెలుసు, జెఫరీనోకి తెలుసు. తెలియనట్టు నటించేది లిడియా ఒక్కతే.

చిక్కు ఎక్కడంటే, సర్కారుకి అంత పెద్ద మొత్తంలో అమ్మేవాడు ధర చెప్తే చాలదు. ఆ ధర ఎలా తయారైందో విప్పి చూపించాలి. లోహం ఎంత, కూలి ఎంత, లాభం ఎంత, అన్నీ రాయాలి. రాసి, బేరం కుదిరిన రోజు దాకా నాకు తెలిసిందంతా ఇందులో ఉంది, పొల్లు లేదు, దాచింది లేదు అని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. దీనికి మినహాయింపులు లేకపోలేదు. పోటీకి ఇద్దరు ముగ్గురు వస్తే అక్కర్లేదు. చట్టమే ధర కట్టిన సరుకైతే అక్కర్లేదు. పైవాళ్ళు కనికరించి వదిలేసినా అక్కర్లేదు. ఇంకా, నలుగురూ బజార్లో కొనుక్కునే సరుకైతే అక్కర్లేదు. పోటీకి ఎవరూ రాలేదు. కనికరం అడగడం లిడియాకి చేతకాదు. అందుకని ఆ బజారు సరుకన్న మాట పట్టుకుని కూర్చుంది.

ప్రమాణపత్రం అంటే ఆమెకి ఒళ్ళు జలదరిస్తుంది. ఎదురుగా వీధికి అవతల ప్రెస్‌కాట్ పంపుల షాపు ఉండేది. ప్రెస్‌కాట్ నిజాయితీపరుడు, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. అంతకు ముందే ఉక్కు తక్కువకిస్తామని ఎవరో పంపిన కాగితం ఒకటి అతని గుమాస్తా భోజనం డబ్బా కింద ఉండిపోయింది. తెలిసీ చెప్పలేదన్నారు. పైసాతో సహా కక్కించారు. లాయర్లు మిగిలింది తినేశారు. ఇప్పుడక్కడ గాజు తలుపులు పెట్టి, గ్లాసు మీద ఆకు బొమ్మ వేసి కాఫీ అమ్ముతున్నారు. లిడియా కొనే కంచు సగం విరగ్గొట్టిన పడవల మీది తుక్కు. చేత్తో తూచి, కంటితో చూసి రేటు కడుతుంది. జెఫరీనో ఎప్పుడు పనిచేస్తున్నాడో, ఎప్పుడు ఊరికే బట్టీ పక్కన చలి కాచుకుంటున్నాడో దేవుడికే తెలియాలి. దీని మీద పొల్లు లేదని ఎలా ప్రమాణం చేస్తుంది?

"మేడమ్, మీ మీద నాకు కోపం లేదు," అన్నాడు ట్విచెల్, కూర్చోకుండానే.

"నాకుంది. కూర్చోండి."

జెఫరీనో తీపిరొట్టె ముక్క, మసిలాంటి కాఫీ తెచ్చి అతని ముందు పెట్టాడు.

"ముందు ఒకటి తేల్చుకుందాం," అన్నాడు ట్విచెల్. "మేం అడిగింది బూడిదరంగు. బోల్టులు అయస్కాంతానికి అంటని రకం. మీరు పడవలకి అమ్మేది అది కాదు కదా?"

"మీరు ఇవాళ నల్లకోటు వేసుకున్నారు. రేపు ఎర్రకోటు వేసుకుంటే మీ ఆవిడ గుమ్మంలోనే ఆపేస్తుందా?"

లేత్ మిషన్ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ట్విచెల్ రొట్టె కొరికాడు. "సరే, అది వదిలేస్తాను. చిన్న మార్పే. రెండోది వదల్లేను. గడిచిన రెండేళ్ళ అమ్మకాలు మీరే పంపారు. ఎక్కువమంది తలుపు మీది రేటే ఇచ్చారు, డెబ్బై వేల డాలర్లు. అయిదుగురికి మాత్రం అరవై మూడుకి ఇచ్చారు. ఎందుకో రాయలేదు."

"రాయను."

"మీ చుట్టాలా?"

"ఈ రేవులో నాకు చుట్టం కానివాడు ఎవడున్నాడు?"

"ఎక్కువ కొన్నారా? పాత వించ్ మీకు ఇచ్చేశారా? ఏదో ఒకటి చెప్పండి మేడమ్, రాసుకుంటాను. చెప్పకపోతే నాకు రెండే దారులు. బజారు ధర అరవై మూడే అనుకోవాలి. లేదా అసలు మీకు బజారు ధరే లేదనుకుని ఖర్చుల చిట్టా, ప్రమాణపత్రం అడగాలి."

"మూడో దారి ఉంది. వచ్చిన దారి."

అంది లిడియా, తలుపు వైపు చూపిస్తూ. ఆ అయిదుగురి సంగతి చెప్పడం ఎంతసేపు! కానీ చెప్పేది కాదు. సముద్రం మీదికి పోయి డీజిలు ఖర్చయినా రాకుండా తిరిగొస్తే, ఈ రేవులో దాన్ని విరిగిన ట్రిప్పు అంటారు. పనివాళ్ళు వాటాల మీద బతికేవాళ్ళు. ఫలానావాడి ట్రిప్పులు విరుగుతున్నాయని పొక్కిందంటే చాలు, మూటా ముల్లె సర్దుకుని పక్క పడవెక్కుతారు. ఇక ఆ కెప్టెన్ కథ ముగిసినట్టే. అందుకని నోటితో చెప్పరు. వించ్ కొనడానికొచ్చిన కెప్టెన్ టోపీ తీసి పనిబల్ల మీద పెడతాడు. అంతే. పదో వంతు తగ్గుతుంది. ఎందుకని అడగరు, ఎక్కడా అనరు. లిడియా నాన్న అయితే ఆ మాట పెళ్ళాం దగ్గర కూడా ఎత్తలేదు. అలాంటిది, ఫిలడెల్ఫియా ఫైలులో పేర్లతో సహా రాయించడమా!

తలుపు దడాలున తెరుచుకుంది. గాలితో పాటు అమారో బ్రిల్యాంట్ లోపల పడ్డాడు. లిడియా వయసువాడే, ఒకే వీధి, ఒకే బడి. రేవులో అంత గొంతున్న కెప్టెన్ ఇంకొకడు లేడు. ట్విచెల్‌ని పెయింటు అమ్ముకునేవాడు అనుకున్నాడో ఏమో, చూసీ చూడనట్టు దాటుకుని వచ్చాడు.

"ఏమే లిడియా, తలుపు మీద ఆ రేటు నువ్వే రాశావా, తాగినవాడెవడైనా రాసిపోయాడా?"

"నేనే రాశాను. చదవడం వచ్చిందే నీకు! మన బడిలో సిస్టర్ బెనెడిక్టా బతికుంటే మిఠాయి పంచేది."

"డెబ్బై వేలు! పోసేది కంచా, బంగారమా?"

"బంగారం మెత్తనిది. నీ వల బరువుకి వంగిపోతుంది. అందుకే కంచు."

"గ్లోస్టర్‌లో ఒకడు అరవై అయిదుకి ఇస్తానంటున్నాడు."

"పోయి తెచ్చుకో. బ్రేకు కూడా ఇస్తాడా, నీ కాలే అడ్డం పెట్టుకోమంటాడా?"

జెఫరీనో పొట్ట పట్టుకుని నవ్వాడు. అమారో తలుపు దాకా పోయాడు, వెనక్కొచ్చాడు. తన పాత వించ్ బ్రేకు పగిలిందనీ, ఆ బ్రేకు పోసింది ఇదే షాపు అనీ, సిగ్గుండాలనీ అన్నాడు. అది పోసి ఇరవై ఏళ్ళయిందనీ, అన్నేళ్ళు అతని పెళ్ళాం కూడా అతన్ని భరించలేదనీ లిడియా అంది. మళ్ళీ తలుపు దాకా పోయాడు. మళ్ళీ వచ్చాడు.

"అరవై ఎనిమిది. ఇంక మాట్లాడకు."

"డెబ్బై."

"నీకు గుండె లేదే."

"ఉంది. అది ఈ సరుకులో కలిపి అమ్మడంలేదు."

ట్విచెల్ రొట్టె తినడం మరిచిపోయి చూస్తున్నాడు. అరగంట అరిచినా ఆమె ఒక్క డాలరు దిగలేదు. లిడియాకి లోలోపల సంతోషంగా ఉంది. చూడు నాయనా, కళ్ళారా చూడు, బజారు ధరంటే ఇదీ అని.

అప్పుడు అమారో అరవడం మానేశాడు. నెమ్మదిగా టోపీ తీసి పనిబల్ల మీద పెట్టాడు.

అమారో టోపీ! ఇన్నేళ్ళలో ఆ బల్ల మీదికి రాని టోపీ. లేత్ మిషన్ వాళ్ళు తలలు వంచేసుకున్నారు. లిడియా చూపు ఒక్క క్షణం ట్విచెల్ వైపు పోయింది. ఆ సంచీ, ఆ కలం, నలభై వించ్‌లు. ఇప్పుడు డెబ్బై అంటే ఆర్డరు నిలుస్తుంది. అమారో మారు మాటాడకుండా టోపీ తీసుకుని పోతాడు. పోయి పగిలిన బ్రేకుతోనే సముద్రం మీదికెళ్తాడు.

"అరవై మూడు," అంది.

అమారో తలూపి, టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు. "జెఫరీనో కాఫీ ఇప్పటికీ గాడిద ఉచ్చలాగే ఉందా?" అని ట్విచెల్‌ని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోయాడు.

పనివాళ్ళు వంచిన తలలెత్తలేదు. ట్విచెల్ ముఖం మాత్రం మెల్లిగా విప్పారింది. అంతా అర్థమైపోయినవాడిలా లేచాడు. ఇది ఇక్కడి బేరం మర్యాద కాబోలు, పెద్దమనిషిలా టోపీ తీస్తే ఆఖరి రేటు చెప్తారు కాబోలు అనుకున్నాడు. తన ఉన్ని టోపీ తలమీంచి లాగి, సరిగ్గా అమారో పెట్టినచోటే పెట్టాడు.

"నౌకాదళం తరఫున, అరవై మూడు," అన్నాడు నవ్వుతూ.

జెఫరీనోకి కాఫీ పొలమారింది. లేత్ మిషన్ ఆగింది.

"తియ్యి," అంది లిడియా.

"మేడమ్?"

"ఆ టోపీ తియ్యి! నీ ట్రిప్పు విరిగిందా? మీ నౌకాదళం ఖాళీ కడుపుతో ఒడ్డుకొచ్చిందా? డీజిలు అప్పువాడు నీ గుమ్మంలో కూర్చున్నాడా? నీ పనివాళ్ళు రేపు పక్క పడవెక్కుతారని నీకు నిద్ర పట్టడంలేదా? నెల తిరిగితే జీతం పడుతుంది నీకు. ఆ బల్ల మీద టోపీ పెట్టడానికి నీకేం హక్కుంది?"

నోరు జారిన సంగతి ఆఖరి మాట అన్నాక తెలిసింది. తాత చెప్పనిది, నాన్న చెప్పనిది, ఇందాక తను నిక్కచ్చిగా చెప్పనన్నది, నలుగురి ముందు కక్కేసింది. ఎవరి గురించో కూడా వేరే చెప్పక్కర్లేదు. అమారో ఇంకా రేవు చివరికైనా చేరి ఉండడు.

ట్విచెల్ టోపీ రెండు చేతులతో తీసుకున్నాడు. పెట్టుకోవాలో వద్దో తెలియక నలుపుతూ నిలబడ్డాడు.

"ఆ అయిదుగురూ..." అన్నాడు.

"పేర్లడిగితే ఈ గుమ్మం మళ్ళీ తొక్కవు."

"అడగను."

"చాలదు." లిడియా వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వచ్చింది. "మాలాంటి వాళ్ళ చేత ప్రమాణాలు చేయిస్తారుగా మీరు! ఇప్పుడు నువ్వు చెయ్యి. ఇవాళ ఈ బల్ల దగ్గర చూసింది ఎవడికీ చెప్పనని, నీ పైవాడికీ చెప్పనని. పొల్లు ఉండకూడదు. దాపరికం ఉండకూడదు."

"దాపరికం ఉండాలే అమ్మాయ్," అన్నాడు జెఫరీనో. "అదే కదా నువ్వడిగేది."

"చిన్నాన్నా, నువ్వు నోర్ముయ్."

ట్విచెల్ నవ్వబోయి మానుకున్నాడు. కుడిచెయ్యి ఎత్తాడు. "చెప్పను. మా అమ్మమీద ఒట్టు."

"అమ్మ ఉందా?"

"ఉంది."

"అయితే సరే."

అతను మళ్ళీ కూర్చుని సంచీలోంచి కాగితాలు తీశాడు. "నేను కారణం రాయాలి మేడమ్. కారణం రాయకుండా మినహాయింపు ఇవ్వలేను. అది నా ఇష్టం కాదు."

"చూసింది రాయి. చూసినవాణ్ణి రాయకు."

"అలాగైతే వినండి." పైకి చదువుతూ రాయసాగాడు. "షాపుకి స్వయంగా వెళ్ళాను. ఇదే వించ్‌ని మామూలు కొనుగోలుదారులు కొంటున్నారు. నా ఎదుట ఒకరు గట్టిగా బేరమాడినా, సరుకు ధర తగ్గలేదు. కొందరికి తగ్గించినది కొనేవాడి ఇబ్బందిని బట్టి, సరుకుని బట్టి కాదు. ప్రభుత్వానికి ఆ ఇబ్బంది లేదు."

"అది నీకేం తెలుసు?" అన్నాడు జెఫరీనో. "సర్కారు అప్పు ఎంతో మొన్న పేపర్లో వేశారు. చదివితే నాకే కళ్ళు తిరిగాయి."

ఈసారి లిడియాకి కూడా నవ్వు ఆగలేదు.

ట్విచెల్ కలం మూయలేదు. "ఇంకొక్క మాట. మా పైవాడు ఇది చూసి, నువ్వు పోయి ఏం బేరమాడావ్, ఏం తెచ్చావ్ అంటాడు. వించ్‌కి వంద డాలర్లు తగ్గించండి. పేరుకే. నేను గెలిచినట్టు ఉంటుంది, మీకు నలభై వించ్‌ల ఆర్డరు ఇవాళే ఖాయమవుతుంది."

వంద డాలర్లు. ఏడుగురు పనివాళ్ళూ పని ఆపి లిడియా వైపు చూశారు. జెఫరీనో అయితే కళ్ళతోనే బతిమాలుతున్నాడు, ఇచ్చేయవే తల్లీ అని. లిడియా కిటికీలోంచి అవతలి వీధి చూపించింది. గాజు తలుపుల వెనక ఎవరో గ్లాసు మీది ఆకు బొమ్మకి ఫోటో తీసుకుంటున్నారు.

"వంద తగ్గిస్తే, ఆ వంద ఎక్కడ మిగిలిందని అడుగుతారు. లోహంలోనా, కూలీలోనా, నా లాభంలోనా చెప్పమంటారు. చెప్తే ప్రమాణం చెయ్యమంటారు. ప్రెస్‌కాట్‌ని కూడా మొదట కొంచెమే విప్పమన్నారు. నా రేటు చెప్తాను. నా పొట్ట కోసి చూపించను. డెబ్బై."

"ఇందాక ఆ మనిషికి..."

"ఏ మనిషి?"

ట్విచెల్ నాలిక కరుచుకున్నాడు. "ఎవరూ లేరు," అన్నాడు. "డెబ్బై."

సంతకం పెట్టాడు. పెట్టి, కాగితం వైపు చూస్తూ, "రేపు ఎవరైనా దీన్ని తిరగదోడితే మెడ నాది," అన్నాడు.

"ఇన్నాళ్ళూ మా మెడలేగా. ఒక్కరోజు మీదీ ఉండనివ్వండి," అంది లిడియా. అతనికి మళ్ళీ 'మీరు' దక్కింది. "ఇంకొకటి. ఈ రేవులో ఎవరికైనా ఒకటే పద్ధతి. అచ్చు కట్టే రోజున పావు వంతు ముందివ్వాలి."

"సర్కారు ముందు డబ్బివ్వదు మేడమ్. సరుకు చేరాకే."

"బజారు సరుకని ఇప్పుడే రాశారు. సిరా కూడా ఆరలేదు. సరుకు బజారుది, పద్ధతి సర్కారుదా?"

అతను సంచీలోంచి లావుపాటి పుస్తకం తీసి చాలాసేపు తిరగేశాడు. చివరికి ఒకచోట వేలు పెట్టి, నమ్మలేనట్టు తల ఎత్తాడు. "బజారు సరుకుకి ఇవ్వొచ్చని ఉంది. పదిహేను శాతం దాటకూడదు."

"పావు."

"ఇది చట్టం. నా చేతిలో లేదు."

లిడియా అతని వేలి కింది అక్షరాలు తానే చదివింది. నిదానంగా, పెదాలు కదుపుతూ చదివింది. "చట్టంలో ఉన్నదాన్ని నేనెప్పుడు కాదన్నాను? పదిహేను. రాయండి."

అది రాసేసరికి వెనక బట్టీ మూత లేచింది. ఎర్రటి వెలుగు గోడల మీదికి ఎగబాకింది. జెఫరీనో, ఇంకో ఇద్దరూ మరిగే కంచు మూసని పట్టకార్లతో ఎత్తి, ఇసుక అచ్చుల వైపు అడుగులో అడుగు వేసుకుంటూ బయల్దేరారు.

"ఆఫీసరు గారూ, కాస్త పక్కకి జరగండి. ఒలికిందంటే ఆ బూట్లకి మినహాయింపు ఉండదు," అన్నాడు జెఫరీనో.

ట్విచెల్ గోడకి అతుక్కుని నిలబడ్డాడు. కంచు అచ్చులోకి దిగుతుంటే రెప్ప వేయకుండా చూశాడు. "ఇది మా మొదటిదానికా?" అన్నాడు, గొంతులో కాస్త గర్వంతో.

"కాదు," అంది లిడియా. "మీకంటే ముందు ఒకడు వచ్చిపోయాడు. మీరు వరసలో ఆగండి."